ఆరు దాటకూడదు

ఆ ఏడాది వేసవంతా మా ఇంట్లో ఏ బట్ట పట్టుకున్నా పందెం బళ్ళలో పోసే మిథనాల్ వాసనే. దాని మీద స్టేడియంలో నేను వేయించే ఉల్లిపాయల వాసన. ఎంత ఉతికినా వదిలేది కాదు. నాకు స్పీడ్‌వే బైకు పందేలంటే మొదటినుంచీ గిట్టదు. గిట్టని ఆటకి ఇన్నేళ్ళు వండిపెట్టావేం అని ఎవరైనా అడిగితే, ఆ ఆటని కట్టుకున్నవాణ్ణి నేను కట్టుకున్నాను, అంతే.

మా ఊరు థార్న్‌వెల్. మా జట్టు హెరన్స్, చొక్కా మీద కొంగ బొమ్మ. గురువారం సాయంత్రాలు పోటీలు. నలుగురు కుర్రాళ్ళు బ్రేకుల్లేని బళ్ళెక్కి, రాతిపొడి పరిచిన బాట మీద ఎడమ పక్కకే జారుకుంటూ నాలుగు చుట్లు కొడతారు. నిమిషంలో అయిపోతుంది. మళ్ళీ ఇంకో నలుగురు. మా ఆయన డెస్ ఆ బాటని చదును చేసేవాడు, చుట్టూ ఉన్న చెక్క కంచెకి రంగులేసేవాడు, గేట్లు తీసేవాడు, మూసేవాడు. జీతం లేదు. టీ ఊరికే ఇచ్చేవాళ్ళు, ఆ టీ పెట్టేది కూడా నేనే.

చూడటానికి వచ్చేవాళ్ళలో సగంమందివి మార్పించుకున్న మోకాళ్ళు. మెట్ల మీద కూర్చోలేక కంచె పట్టుకుని నిలబడేవాళ్ళు. పిల్లల్ని తీసుకురండని ఎన్ని బోర్డులు పెట్టినా వచ్చే పిల్లలు లేరు. మంచి రైడర్లు ఆదివారం పోలండ్‌లో, మంగళవారం స్వీడన్‌లో డబ్బు చేసుకుని, గురువారం మా దగ్గరికి కాళ్ళు చాపుకోవడానికి వచ్చేవాళ్ళు. ఈ ఆట ఇంకెన్నాళ్ళు బతుకుతుందని మాట వస్తే చాలు, డెస్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

రోరీ మా ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్ళు. ఆ ఏప్రిల్లో జట్టులో అట్టడుగున మొదలుపెట్టినవాడు మే నెలాఖరుకల్లా ఎవరికీ అందకుండా పోయాడు. నేను వాడి రేసు ఏనాడూ చూసేదాన్ని కాదు. వాడు బాట మీదికొచ్చాడంటే నా టీ కొట్టు కిటికీకి వీపు పెట్టి ఉల్లిపాయలు తిప్పేదాన్ని. చెవులు మూసుకోలేముగా, మోత వినపడేది. మలుపులోకి దూరేటప్పుడు మిగతావాళ్ళ ఇంజిన్ల మోత కాస్త తగ్గేది. మావాడిది పెరిగేది. బ్రేకుల్లేని బండిని నిలబెట్టేది ఆ వేగమేనట, భయపడి యాక్సిలరేటర్ మీద చెయ్యి వదిలినవాడే పడతాడట. వాడికి వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం అదే.

వెళ్ళిన ప్రతి రేసూ గెలిచినవాణ్ణి తోటి రైడర్లు కాళ్ళూ చేతులూ పట్టుకుని గాల్లోకి ఎగరేయడం ఆనవాయితీ. జూన్‌లో ఓ గురువారం మావాణ్ణి ఎగరేస్తుంటే విన్నీ ఆంటీ కర్ర పొడుచుకుంటూ నా కొట్టు దగ్గరికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మెడలో తనే అల్లుకున్న హెరన్స్ మఫ్లరు, ఎండాకాలంలో కూడా.

"లినెట్, చూశావటే మన పిల్లాణ్ణి! గాల్లో ఎగరేస్తున్నారు."

"చూళ్ళేదు. కింద పడేశారా?"

"నీ నోటివెంట ఒక్క మంచి మాట రాదు కదా. మా ఆల్బర్ట్ ఉంటే ఆనందంతో ఏడ్చేవాడు."

"ఉన్నాడుగా ఆంటీ, అక్కడే."

ఆంటీ భర్త ఆల్బర్ట్ పోయాక ఆయన బూడిద రెండో మలుపులోనే చల్లారు. ఆయనొక్కడిదే కాదు, హెరన్స్ కోసం గొంతు చించుకున్నవాళ్ళు చాలామంది ఆ మలుపులోనే ఉన్నారు. డెస్ అక్కడ మట్టి సరిచేసేటప్పుడు టోపీ తీసి, ఎవరో ఒకరికి గుడ్ ఈవెనింగ్ చెప్పేవాడు. నవ్వొచ్చేది నాకు. ఆ రోజు మాత్రం డెస్ పరిగెత్తుకొచ్చి, ఆ వయసులో, కొట్టు వెనక అందరి ముందూ నన్ను వాటేసుకున్నాడు. సంతోషంగానే ఉన్నాను, ఒప్పుకుంటాను.

జులై మొదట్లో ఓ ఆదివారం ట్రెవర్ ప్లమ్‌ట్రీ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. హెరన్స్ యజమాని ఆయనే. తివాచీల షాపులున్నాయి. అంతకుముందెప్పుడూ మా గడప తొక్కలేదు. డెస్ ముందురోజే పెరట్లో గడ్డి కోసి, మొహం నున్నగా గీసుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను గొర్రెమాంసం కాల్చి, బంగాళాదుంపలు వేయించాను.

"లినెట్, ఈ దుంపలకి నీకేమిచ్చినా తక్కువే" అన్నాడు ట్రెవర్.

"ఇంతవరకూ ఏమీ ఇవ్వలేదుగా, ఎలా తెలిసింది?"

డెస్ బల్ల కింద నా కాలు తొక్కాడు. ట్రెవర్ నవ్వేసి, రోరీ వైపు తిరిగాడు.

"నీ నంబరు చూసుకున్నావా? ఏడు దాటింది."

"ఏడు పాయింట్ మూడండి" అన్నాడు డెస్, కొడుక్కి కలెక్టరు ఉద్యోగం వచ్చినంత గొప్పగా.

"అదే గొడవ" అన్నాడు ట్రెవర్. ఖాళీ కంచం ఒకటి ముందుకి లాక్కున్నాడు. "ఇది మన జట్టనుకో రోరీ. ఏడుగురు. ఒక్కొక్కడికీ ఒక నంబరు, పోటీకి సగటున ఎన్ని పాయింట్లు తెస్తాడో అది. ఏడుగురి నంబర్లూ కలిపితే లీగ్ వాళ్ళు పెట్టిన హద్దు దాటకూడదు. అంటే కంచం పట్టినంతే పెట్టాలి. ఏప్రిల్లో నువ్వు ఇంతున్నావు." చిన్న దుంప ఒకటి ఏరి కంచంలో పెట్టాడు. "ఇప్పుడు ఇంతయ్యావు." దాన్ని తీసేసి గిన్నెలో అన్నిటికంటే పెద్దది పెట్టాడు. "వచ్చే ఏడాది కంచమే చిన్నది చేస్తారట. నిన్నెక్కడ పెట్టను?"

"అంటే, గెలిచానని తీసేస్తారా?" అన్నాడు రోరీ.

"నేను తీసేస్తానన్నానా? నంబరు అంటోంది."

"వేరే జట్టుకి వెళ్తాడు" అన్నాను.

"ఏ జట్టుకమ్మా? రెండేళ్ళలో మూడు మూతపడ్డాయి. ఉన్నవాళ్ళందరి దగ్గరా ఇదే కంచం. అయినా కాగితాల ప్రకారం రోరీ హెరన్స్ సొత్తు. నేను వదిలితేగానీ ఇంకెక్కడా బండెక్కడానికి లేదు."

నా కొడుకుని నా బల్ల దగ్గర కూర్చుని సొత్తు అంటుంటే, వాళ్ళ నాన్న బుద్ధిగా తల ఊపుతున్నాడు.

"నిజం చెప్పేస్తున్నా" అన్నాడు ట్రెవర్, గొంతు తగ్గించి. "ఊరి కుర్రాడు జట్టులో లేకపోతే జనం రారు. జనం రాకపోతే ఏప్రిల్లో నేను గేటు తియ్యను. రోరీ ఆరు దాటకుండా ఉంటే జట్టు కుదురుతుంది, హెరన్స్ ఉంటుంది. ఎవర్నీ ఏమీ చెయ్యమనట్లేదు. కాస్త నిదానంగా నడపమను డెస్. కుర్రాడు, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవద్దూ?"

ఆ పెద్ద దుంపని రెండు ముక్కల్లో తినేసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

గిన్నెలు కడుగుతుంటే డెస్ తుడిచే గుడ్డ పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

"ఏమంటావు లిన్?"

"ఆయన తాగిన గ్లాసు నువ్వే కడుక్కో. నేను ముట్టను."

"కొన్నాళ్ళేగా. మూడోవాడిగా రావడం నేరమా? ప్రతి రేసులోనూ ఎవడో ఒకడు మూడోవాడిగా వస్తాడు."

"వాడు చేతకాక వస్తాడు."

"జట్టు పోతే?"

"పోనీ."

"నీకు పోనీ." గుడ్డని చేతుల్లో మెలిపెడుతున్నాడు. "నాకేముంది లిన్, గురువారం తప్ప?"

నేనున్నాను అని అనొచ్చు. అనబుద్ధి కాలేదు. జాలిపడాలో చెంప పగలగొట్టాలో తెలియక నీళ్ళ కుళాయి ఇంకా పెద్దగా తిప్పాను.

ఆ సాయంత్రం షెడ్డులో వాళ్ళిద్దరూ బండి విప్పుకుని కూర్చున్నారు. టీ తీసుకెళ్ళేసరికి రోరీ అంటున్నాడు, "మలుపులో చెయ్యి వదిలితే చస్తావని నువ్వే కదా నాన్నా చెప్పావు?"

"మలుపులో వద్దురా. తిన్నగా ఉన్నచోట వదులు. మొదట్లో గీత దగ్గర కాస్త ఆలస్యంగా కదులు. అంతే."

"నీకిష్టమేనా?"

"హెరన్స్ కోసం."

"హెరన్స్ సంగతి కాదు. నువ్వు చెయ్యమంటున్నావా?"

డెస్ నా వైపు చూడలేదు. చేతిలోని గొలుసుకి నూనె రాస్తూ, "చెయ్యమంటున్నాను" అన్నాడు. వాళ్ళ నాన్న అడిగిందానికి రోరీ ఎప్పుడూ కాదనలేదు. నేను టీ కప్పులు నేలమీద పెట్టి వచ్చేశాను.

ఆగస్టులో మొదటి గురువారం, ఉల్లిపాయలు తిప్పుతుండగా విన్నాను. మావాడి మోత అందరికంటే ముందుంది. మూడో చుట్టు. తిన్నటి బాట మీద ఉన్నట్టుండి ఆ మోత తెగిపోయింది, మళ్ళీ అందుకుంది. ఆ సందులో రెండు బళ్ళు దాటిపోయాయి. జనం అయ్యో అన్నారు. నా చేతిలోని గరిట పెనం మీద పడేసి బయటికి వచ్చి చూశాను. రోరీ తల వంచి ఇంజిన్ వైపు చూస్తున్నాడు, ఏదో పాడైనట్టు.

ఆ చూపు వాడిది కాదు. డెస్ నేర్పినది. తర్వాత తెలిసింది, ఇంట్లో నేను లేనప్పుడు సాధన కూడా చేయించాడట. దాటిపోయాక తల వంచు, ఒక చెయ్యి గాల్లో తిప్పు, బండి దిగాక గొలుసుని కాలితో తన్ను. నా భర్త చెంచా దొంగతనం చెయ్యని మనిషి. షాపులో చిల్లర ఎక్కువిస్తే వానలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చొస్తాడు. అలాంటివాడు కన్నకొడుక్కి అబద్ధం ఆడటం నేర్పుతూ, అది మంచిపనే అనుకుంటూ, ఉదయం ఈల వేసుకుంటూ గడ్డం గీసుకునేవాడు. పక్కగదిలో నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్నిటికంటే రోత పుట్టించింది జనం జాలి. ఓడినకొద్దీ ఎక్కువ చప్పట్లు కొట్టారు. పాపం బండి మొండికేసింది, పాపం అలసిపోయాడు, పాపం విదేశాల నుంచి వచ్చినవాళ్ళు తొక్కేస్తున్నారు. విన్నీ ఆంటీ ఓ తేనె సీసా తెచ్చి నా కిటికీలో పెట్టింది.

"పిల్లాడికి రోజూ ఓ చెంచా పెట్టు. నీరసంగా కనిపిస్తున్నాడు. నేను ఆల్బర్ట్‌కి కూడా చెప్పాను, వాణ్ణి కాస్త చూసుకోమని."

"ఎందుకు ఆంటీ ఇవన్నీ."

"ఎందుకేమిటే, వాడు మనవాడు."

ఆ సీసా ఇంటికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఎవరిచ్చారో చెప్పాను. రోరీ దాని వైపు చూసి, తింటున్న కంచం పక్కకి నెట్టి మేడెక్కి పోయాడు. డెస్ మాత్రం రొట్టె మీద రాసుకుని తిన్నాడు. మంచి తేనె అన్నాడు.

జట్టు కెప్టెన్ యెస్పర్, డెన్మార్క్ వాడు, ఒక్కడే కనిపెట్టాడు. ఓ రోజు కాఫీకి వచ్చి, కప్పు తీసుకుని కదలకుండా నిలబడ్డాడు.

"మీవాడి బండికి ఏ రోగమూ లేదు, లినెట్."

"నాకు తెలుసు."

"మీ దేశంలో వింత లెక్కలు. మా దగ్గర బాగా నడిపితే జీతం పెంచుతారు. ఇక్కడ బాగా నడిపితే బయటికి పొమ్మంటారు." కాఫీ ఊదుకున్నాడు. "కానీ జాగ్రత్తగా ఉండమను. ఇలా వదలడం చేతికి అలవాటవుతుంది. తర్వాత పోదు."

నేను వాడి మాట పట్టించుకోలేదు. నాకు అప్పుడు జట్టు మీదా, ట్రెవర్ మీదా, డెస్ మీదా ఉన్న కోపం చాలు.

సెప్టెంబరు మధ్యలో ట్రెవర్ నా కొట్టు దగ్గరికి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒంటె రంగు కోటు. చూడగానే గుర్తుపట్టాను, మాల్కమ్ థ్రిప్, స్కార్‌బీ జట్టు యజమాని. స్కార్‌బీ వాళ్ళ చొక్కా మీద పొట్టేలు బొమ్మ. పక్క ఊరే. మా ఊళ్ళో చిన్నపిల్లలు నడక కంటే ముందు ఆ పొట్టేలుని తిట్టడం నేర్చుకుంటారు.

"రెండు బర్గర్లు లినెట్" అన్నాడు ట్రెవర్, నా వైపు చూడకుండానే. పెనం దగ్గర నిలబడ్డ ఆడదానికి చెవులుండవని కొందరి నమ్మకం.

"నేను ఆరు అన్నాను ట్రెవర్. మళ్ళీ చెబుతున్నా, ఆరు దాటితే నా జట్టులో పట్టడు, నాకక్కర్లేదు."

"దాటడు. ఇప్పటికే ఆరూ చిల్లరకి దిగాడు. అక్టోబరుకల్లా ఐదుల్లోకి వచ్చేస్తాడు. ఏడు పాయింట్ల కుర్రాడు నీకు ఐదుకి దొరుకుతున్నాడు, ఇంకేం కావాలి?"

"కుర్రాడు వెనక్కి తగ్గుతాడేమో."

"వాళ్ళ నాన్న చూసుకుంటున్నాడుగా. కొడుకు ఇక్కడే ఉంటాడని వాడి నమ్మకం."

"మరి ఇక్కడ?"

"ఇక్కడేముంది? స్థలం కొన్న పార్సెళ్ళ గోడౌను వాళ్ళు ఆఖరి పోటీ అయిన మర్నాడే కంచె పీకేస్తారు. సంతకాలైపోయాయి. సీజన్ అయ్యేదాకా బయటికి పొక్కనివ్వకు."

బర్గర్లు రెండూ కాగితంలో చుట్టి కిటికీలోంచి అందించాను.

"ఉల్లిపాయలు ఇంకొంచెం వెయ్యమంటారా?"

"వెయ్యి తల్లీ" అన్నాడు మాల్కమ్ థ్రిప్.

వేశాను. వాళ్ళు నములుతూ వెళ్ళారు. ఆ రాత్రి దాకా ఆ పెనం వాసన నాకు పడలేదు.

ఇంటికి వెళ్తూనే డెస్‌కి మాట మాటా చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ విన్నాడు. విని, "నువ్వు సరిగా వినుండవు, ఇంజిన్ల మోత" అన్నాడు.

"రేసుల మధ్య. మోత లేదు."

"మాల్కమ్ ఏదో అడిగుంటాడు, ట్రెవర్ గారు మాట తప్పించడానికి ఏదో అనుంటారు. వ్యాపారస్తులు. ఆయన మనింటికి వచ్చి భోంచేశారు లిన్."

"వెళ్ళి అడుగు."

"ఏమని అడగను? నీ బర్గర్లు కొన్నందుకు మా ఆవిడ నీమీద నేరం మోపుతోందనా?"

"రోరీకి చెప్పు, అయితే."

"చెబుతాను. సమయం చూసి నేనే చెబుతాను. నువ్వు నోరు తెరవకు, వాడి మనసు పాడుచెయ్యకు."

మర్నాడు పొద్దున్నే స్టేడియానికి వెళ్ళాడు. సొంత డబ్బుతో తెల్లరంగు డబ్బాలు కొనుక్కుని, చెక్క కంచె మొత్తానికి పూత మొదలుపెట్టాడు. వచ్చే సీజనుకి ముందే తయారుగా ఉంటుందట. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పలకా రుద్ది, రంగేస్తున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి చూసి వచ్చేశాను. నేను చెప్పింది అబద్ధమని నమ్మితే మనిషి అంత గట్టిగా రుద్దడు. నిజమని నమ్మితే అసలు రంగే వెయ్యడు. ఆయన రెంటికీ మధ్య ఎక్కడో ఇరుక్కుని, బ్రష్షు వదల్లేకపోయాడు. రోరీకి మాత్రం చెప్పలేదు.

సీజన్ ఆఖరి పోటీ ఎప్పటిలా గురువారం కాదు, అక్టోబరులో ఓ ఆదివారం మధ్యాహ్నం, స్కార్‌బీతో. ఎండ కాసింది. చాలా రోజుల తర్వాత కంచె చుట్టూ జనం నిండుగా కనిపించారు. కొత్త రంగు మెరుస్తోంది. విన్నీ ఆంటీ రెండో మలుపు దగ్గర మడతకుర్చీ వేసుకుంది. రోరీ మొదటి రేసుల్లో అలవాటుగా మూడోవాడిగా, మూడోవాడిగా, నాలుగోవాడిగా వచ్చాడు. అయినా మిగతావాళ్ళ పుణ్యాన ఆఖరి రేసు దగ్గరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. ఆ రేసుకి యెస్పర్‌తో పాటు రోరీ పేరు పిలిచారు.

నేను గ్యాస్ కట్టేసి, కిటికీ మూసి, రైడర్లు బళ్ళు సర్దుకునే చోటికి నడిచాను. ఆడవాళ్ళు ఇక్కడికి రాకూడదని ఎవడో అన్నాడు. వాడి వైపు చూశాను, తప్పుకున్నాడు. రోరీ ఒంటరిగా బండి మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా? ఏమైంది?"

చెప్పాను. పొడిగా, ఉన్నదున్నట్టు. స్కార్‌బీ. ఆరు. గోడౌను. సంతకాలు. రేపు పీకేసే కంచె.



"నాన్నకి తెలుసా?"

"విన్ననాడే చెప్పాను."

"ఊ" అన్నాడు. హెల్మెట్ తీసుకున్నాడు. "అయితే ఇవాళ గెలవనియ్ అమ్మా."

"గెలువు. వాళ్ళ మొహం మీద కొట్టినట్టు గెలువు."

గెలిస్తే నంబరు మారేది గోరంత. అమ్మకం ఆగదు, గోడౌను ఆగదు. అది మా ఇద్దరికీ తెలుసు. అయినా నాకు ఆ రేసు కావాలి, వాడికీ కావాలి. నా కొడుకు నా కొడుకులా ఒక్కసారి కనబడాలి. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. చేతికి తెల్లరంగు అంటింది, ఇంకా ఆరలేదు.

బయల్దేరే గీత దగ్గర అడ్డంగా కట్టిన పట్టీలు ఎగిరాయి. వాడు కదిలాడు, అందరితో సమానంగా, ఆలస్యం లేకుండా. మొదటి మలుపులోకి నలుగురూ భుజం భుజం రాసుకుంటూ దూరారు. అక్కడ వాడి మోత పెరగాలి. పెరగలేదు. రెప్పపాటు తగ్గింది, తగ్గి మళ్ళీ లేచింది. ఆపాటికి స్కార్‌బీ వాళ్ళిద్దరూ ముందున్నారు. యెస్పర్ వాళ్ళ వెనక చిక్కుకున్నాడు. రోరీ అందరి వెనకా పడ్డాడు.

రెండో చుట్టులో బయటి అంచుకి, కంచె పక్కకి వెళ్ళాడు. అది పిచ్చి పని. అక్కడ మట్టి మెత్తగా కుప్పపడి ఉంటుంది, చక్రం దిగబడితే మనిషి కంచెకి అతుక్కుపోతాడు. నా ముందునుంచే పోయాడు. మోచెయ్యి బిగుసుకుని ఉంది, బండి మీదికి పూర్తిగా వంగిపోయి ఉన్నాడు. ఒక్కసారి కూడా ఇంజిన్ వైపు చూడలేదు. ప్రతి మలుపులోకీ అంత కసిగా వెళ్తాడు, మలుపు మొదట్లో ఆ రెప్పపాటు తగ్గుతాడు. పోగొట్టుకున్నది తిన్నటి బాట మీద ప్రాణం పెట్టి తిరిగి తెచ్చుకుంటాడు, మళ్ళీ మలుపు వస్తుంది. ఆఖరి చుట్టులో యెస్పర్‌ని మాత్రం దాటగలిగాడు. మూడోవాడిగా వచ్చాడు. స్కార్‌బీ గెలిచింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఎంత పోరాడాడో అని. విన్నీ ఆంటీ మఫ్లరు విప్పి ఊపుతోంది.

వాడు బండి తెచ్చి గోడకి ఆనించాడు. దిగలేదు. డెస్ అటుపక్క నుంచి పరుగెత్తుకుని వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. రోరీ మెడ చుట్టూ చెయ్యివేసి, ఎవరికీ వినపడకుండా చెవిలో అన్నాడు. నాకు వినపడింది.

"ఐదు పాయింట్ తొమ్మిదిరా! అయిపోయింది, దిగిపోయింది. ఎంత బాగా చేశావు! ఆ కంచె పక్కకి వెళ్ళడం ఉంది చూశావూ, నేనే నమ్మేశాను. నా కొడుకు నిజంగా గెలవబోతున్నాడనుకున్నాను."

రోరీ కళ్ళద్దాలు పైకి తోశాడు. కళ్ళ చుట్టూ తప్ప మొహమంతా మట్టి.

"గెలుద్దామనే వెళ్ళాను నాన్నా."

డెస్ నవ్వాడు. "ఇక్కడ మనమేగా ఉన్నది. నా దగ్గర కూడా ఎందుకురా?"

"అమ్మ అంతా చెప్పింది. తెలిసే వెళ్ళాను. ప్రతి మలుపులోనూ తిప్పుదామనే చూశాను. చెయ్యి తిరగట్లేదు." కుడిచేతి తొడుగు పీకి, ఆ చెయ్యి వాళ్ళ నాన్నకి చూపించాడు, అందులో ఏదో దెబ్బ ఉన్నట్టు. "నాకు రావట్లేదు నాన్నా."

డెస్ నా వైపు తిరిగాడు. కాదని చెప్పమన్నట్టు చూశాడు. వేసవంతా ఆయన మొహం అలా పడిపోవాలని కోరుకున్నదాన్ని నేను. పడిపోయాక చూడలేకపోయాను. నిజమేనని తల ఊపాను.

"వస్తుంది" అన్నాడు డెస్. రోరీ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. "ఎక్కడికి పోతుందిరా? ఒక్క నెల. రేపటినుంచే మొదలెడదాం. ముందు ఖాళీ బాట మీద, నువ్వొక్కడివే, మెల్లగా. చిన్నప్పుడు నేర్పినవాణ్ణి నేనేగా, మళ్ళీ మొదటినుంచీ నేనే నేర్పుతాను."

"ఎక్కడ నాన్నా?" అన్నాడు రోరీ.